మేదరపాడు విదేశీ నిల్వలు

నా సర్వీసు మొత్తంలో నేను రెండే ఉపన్యాసాలు ఇచ్చాను. మొదటిదాని వల్ల మేదరపాడు మున్సిపాలిటీలో నూట నలభై రెండు కుటుంబాలు అల్లకల్లోలమయ్యాయి. రెండోది నిమిషం కూడా పట్టలేదు. దానివల్ల నా పదోన్నతి పోయింది, ఇంట్లో మాత్రం కాస్త మర్యాద దక్కింది. ఈ రెంటికీ మధ్య మూడు నెలల్లో జరిగిన సంగతి చెబుతాను. ఇందులో తెలివితక్కువవాడు ఎవడా అని మీరు వెతుక్కోనక్కర్లేదు. చాలా వరకు నేనే.

నా పేరు పసుమర్తి సదాశివం. మున్సిపల్ ఆఫీసులో గణాంకాలు చూసేవాణ్ణి. ఊళ్ళో ఎన్ని కుళాయిలున్నాయి, ఎన్ని వీధి దీపాలు వెలుగుతున్నాయి, ఎన్ని వెలగడం లేదు, ఎన్ని కుక్కలు తిరుగుతున్నాయి అని లెక్క రాసి మూడు నెలలకోసారి పై ఆఫీసుకి పంపడం నా పని. ఇరవై రెండేళ్ళు పంపాను. ఒక ఏడాది కుక్కల సంఖ్య కుళాయిల గడిలోనూ, కుళాయిల సంఖ్య కుక్కల గడిలోనూ పడింది. ఎవరూ ఇదేమిటని అడగలేదు. అలాంటి మనిషి చేతికి మైకు ఇస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

ఇచ్చారు. 2008 ఆగస్టు పదిహేనున జెండా ఎగరేశాక, దేశ ప్రగతి గురించి ఎవరైనా నాలుగు ముక్కలు మాట్లాడితే బాగుంటుందని కమిషనర్ గారన్నారు. అందరూ మిఠాయి పొట్లాల వైపు చూస్తున్నారు. నేను లేచాను. వారం రోజులు కూర్చుని రంగు పెన్సిళ్ళతో గీసిన చార్టు నా చంకలోనే ఉంది. దేశం బయటివాళ్ళకి వంద రూపాయలు బాకీ ఉంటే, దేశం పెట్టెలో విదేశీ సొమ్మూ బంగారమూ కలిపి ఎంత ఉందో ఏడాది వెంట ఏడాది చూపించే గీత అది. తొంభై ఒకటి మార్చిలో ఏడు రూపాయలు. ఆ ఏడాదే బంగారం విమానమెక్కించి ఇంగ్లండుకి పంపి, తాకట్టు పెట్టి గండం గట్టెక్కాం. అక్కణ్ణుంచి గీత ఎక్కుతూ వచ్చి, ఆ ఏడు మార్చికి నూట ముప్పై ఎనిమిది చేరింది. ఏడు నుంచి నూట ముప్పై ఎనిమిది అని రెండుసార్లు చదివాను. ఆ సొమ్ములో నా వాటా ఏమీ లేదు. అయినా అదంతా నా జేబులోనే ఉన్నట్టు అనిపించింది.

చప్పట్లు కొట్టినది కమిషనర్ గారొక్కరే. ఆయన పేరు కరణం నిరంజన్. ముప్పై నాలుగేళ్ళవాడు, మంచివాడు, రెండు వారాల శిక్షణకి వెళ్ళి అప్పుడే తిరిగొచ్చాడు. ఏదైనా సరే కొలిస్తే చాలు, దానంతట అదే బాగుపడుతుందని అక్కడ నేర్పారట. ఆయన నన్ను గదిలోకి పిలిచి, తలుపు వేయించి, ఒక దేశాన్ని కొలిచే కొలబద్ద ఒక కుటుంబాన్ని ఎందుకు కొలవకూడదని అడిగారు. ఎందుకు కూడదో నాకూ తట్టలేదు. నిబంధనలు తయారుచేయమన్నారు.

బలవంతాన రాయించారని చెప్పుకుంటే బాగుండేది. కానీ ఆ మూడు రోజులూ నేను భోజనం కూడా ఆఫీసుకే తెప్పించుకుని రాశాను. ఇరవై రెండేళ్ళ తరవాత నా అంకెలు ఒకళ్ళకి కావలసొచ్చాయి మరి. సర్క్యులర్ ఇలా మొదలైంది:

'ఇందుమూలముగా సిబ్బంది యావన్మందికి తెలియజేయునదేమనగా, దేశము యొక్క గౌరవము దాని నిల్వలకును బయటి అప్పులకును గల నిష్పత్తిని బట్టి ఏర్పడుచున్నందున, ఇకమీదట ప్రతి ఉద్యోగి కుటుంబమును ఒక దేశముగా పరిగణించి, సదరు నిష్పత్తి మూడు నెలలకొక పర్యాయము నమోదు చేయబడును. సెలవులు, అడ్వాన్సులు, పదోన్నతులు సదరు నిష్పత్తికి లోబడి మంజూరగును.'

కింద నాలుగు వివరణలు చేర్చాను. ఒకటి, దేశం బంగారాన్ని నిల్వలో కలుపుతుంది కాబట్టి మనమూ కలపాలి. రెండు, తాకట్టులో ఉన్న బంగారం నిల్వ కిందికి రాదు. మూడు, ఒకే కప్పు కింద ఉండేవాళ్ళ దగ్గర తీసుకున్న బాకీ బయటి అప్పు కాదు. నాలుగోది రాయడం కంప్యూటర్ వల్ల తప్పలేదు. అప్పు అసలే లేనివాడి నిల్వని సున్నాతో భాగించాలి, అది కంప్యూటర్ ఒప్పుకోలేదు, ఆ గడిలో ఏదో ఒకటి పడాలి. అప్పు లేని మున్సిపల్ ఉద్యోగి ఉంటాడని నాకు కలలో కూడా తోచలేదు. 'అప్పు లేని కుటుంబము యొక్క నిష్పత్తి సున్నాగా పరిగణించబడును' అని రాసి టీ తాగడానికి వెళ్ళాను.

నా సంగతి కూడా చెప్పాలి. సొసైటీకి లక్ష రూపాయలు బాకీ, బ్యాంకులో పదమూడు వేలు. అంటే పదమూడు. మా ఆవిడ సుభద్ర కాసులపేరు కలిపితే? వాళ్ళ అమ్మమ్మ మెడలోంచి వచ్చిన పన్నెండు కాసుల పేరు, తొంభై ఆరు గ్రాములు, ఆనాటి ధరకి లక్షా పాతిక వేలు. కలిపితే సరిగ్గా నూట ముప్పై ఎనిమిది. దేశమూ నేనూ సమానం. బంగారం కలపాలన్న వివరణ రాసినప్పుడు దేశమే నా మనసులో ఉందని సుభద్రకి చెప్పాను. మీ మొహం, అంది.

సెప్టెంబరు ముప్పైన మొదటి లెక్క. కమిషనర్ గారి గదిలో గోడ పొడవునా గళ్ళ కాగితం అంటించి, నూట నలభై రెండు రంగులు దొరక్క చుక్కలూ గీతలూ కలిపి, ఒక్కొక్కరికీ ఒక గీత మొదలెట్టాను. బిల్లు కలెక్టరు సోమలింగానికి పది వచ్చింది. ఇరవై వేల అప్పు, రెండు వేల నిల్వ. కమిషనర్ గారు అతన్ని కూర్చోబెట్టి, భయపడొద్దు, ఇంకో లక్ష అప్పు తెచ్చి ఖర్చు పెట్టకుండా బ్యాంకులో వేసుకోమన్నారు. నేను కాగితం మీద లెక్క వేసి చూపించాను. నిల్వ లక్షా రెండు వేలు, అప్పు లక్షా ఇరవై వేలు, నిష్పత్తి ఎనభై ఐదు. సోమలింగం నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడు. వారంలో పది నుంచి ఎనభై ఐదుకి ఎగబాకినందుకు, అది రిజిస్టరులో ఎక్కేలోగానే అతనికి శాలువా కప్పారు. ఆ నెల నుంచి అతను మధ్యాహ్నం భోజనం మానేసి వడ్డీ కడుతున్నాడని నాకు తరవాత తెలిసింది. ఆ గడి చార్టులో లేదు.

అకౌంటెంటు మస్తానయ్య ఇంకో దారి తొక్కాడు. ఆయన మేడ కింది భాగంలో ఒక ఫైనాన్సు కంపెనీ అద్దెకుంది. ఆయన బాకీ ఉన్న రెండు లక్షలూ ఆ కంపెనీకే. ఒకే కప్పు కాబట్టి అది అంతర్గత అప్పు అన్నాడు. నేను వెళ్ళి కప్పు చూసి వచ్చాను. కప్పు ఒక్కటే. ఇది బయటికి పొక్కాక, ఊళ్ళో వడ్డీకి తిప్పే ఒక పెద్దాయనకి మూడు నెలలకోసారి మావాళ్ళ ఇళ్ళల్లో మకాం కుదిరింది. లెక్క జరిగే రోజున ఒకరి వసారాలో పొద్దుటి కాఫీ, ఇంకొకరి వసారాలో మధ్యాహ్నం నిద్ర.

బంగారం మాట వేరు. అది కళ్ళతో చూసి తూచాలి. తూచే కమిటీలో ఇద్దరమే, నేనూ మస్తానయ్యా. కంసాలి త్రాసు సంచిలో పెట్టుకుని అక్టోబరంతా ఇళ్ళ వెంట తిరిగాం. మొదటి ఇంట్లో తొంభై ఆరు గ్రాముల కాసులపేరు. రెండో ఇంట్లోనూ తొంభై ఆరు గ్రాముల కాసులపేరే. మూడో ఇంట్లో కొక్కేనికి ఆకుపచ్చ దారం కట్టి ఉంది. ఆ కొక్కెం అరిగి ఊడిపోతుంటే కిందటేడు ఆ దారం కట్టింది నేనే.

ఇంటికొచ్చి అడిగితే సుభద్ర ఏమీ దాచలేదు. పక్కింటావిడ ఒక్క గంటకి అడిగింది, ఇచ్చాను. ఆవిడ చెల్లెలు అడిగింది, ఇచ్చాను. మీరు పెట్టిన పరీక్షకి వాళ్ళు అవస్థ పడుతుంటే ఇవ్వకుండా ఎలా ఉంటాను, అంది. కాసులపేరు ఒక పాత స్టీలు డబ్బాలో ప్రయాణం చేసేది. ఇచ్చిన డబ్బా ఖాళీగా తిప్పి పంపడం మా వైపు ఆడవాళ్ళకి అలవాటు లేదు. కనక మా ఇంటికి వడియాలు, కారప్పొడి, సున్నుండలు రావడం మొదలైంది. ఒకచోట తూచేటప్పుడు కాసులపేరు ఇంగువ వాసన వేసింది. అంతకు ముందు అది ఎవరింట్లో ఉందో నాకు తెలిసిపోయింది. మస్తానయ్యకీ తెలిసిపోయింది, అది వాళ్ళ ఇల్లే. ఇద్దరం త్రాసు ముల్లు వైపు చూస్తూ, తొంభై ఆరు, అని రాసుకున్నాం.

రిజిస్టరులో పన్నెండు ఇళ్ళలో పన్నెండు కాసులపేర్లు చేరాయి. కమిషనర్ గారు ఆ పేజీ మీద వేలు పెట్టి, మన సిబ్బందిలో ఎంత క్రమశిక్షణ ఉందో చూడండి, అందరూ ఒకే బరువు కొనుక్కున్నారు అన్నారు. పన్నెండో ఇల్లు ఆయనదే. వాళ్ళావిడ ఎప్పుడు ఎవరి చేత అడిగించిందో నాకు తెలియదు, ఆయనకి అసలే తెలియదు. అత్తవారు పెట్టారనుకున్నారు పాపం.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. నేనూ నవ్వుకున్నాను. సాయంత్రాలు సున్నుండ తింటూ చార్టు గురించి ఆలోచించేవాణ్ణి.

యాకోబు మా వాటర్ వర్క్స్ ఫిట్టరు. యాభై రెండేళ్ళవాడు, పొట్టిగా, గట్టిగా ఉంటాడు. మా క్వార్టర్ల వెనక వీధిలోనే ఇల్లు. రెండో అంతస్తులో ఉన్న మా కుళాయికి నీళ్ళెక్కకపోతే పిలవకుండానే వచ్చి చూసి పోయేవాడు. ఊరికి నీళ్ళిచ్చే పెద్ద ట్యాంకు రోజూ ఎక్కి, నీటి మట్టం చూసి దిగడం అతని పని. ఆ ట్యాంకు ఇనప నిచ్చెన తుప్పు పట్టిందనీ, బాగుచేయించడానికి నాలుగు వేల రెండు వందలవుతుందనీ సెప్టెంబరులోనే కాగితం పెట్టాడు. కమిషనర్ గారు అప్పటికే మున్సిపాలిటీకి కూడా ఒక గీత మొదలెట్టారు. నిల్వ అంటే ఖర్చుకి కాదు సదాశివం గారూ, నమ్మకానికి, అనేవారు. ఆ ఫైలు అభిప్రాయం కోసం నా దగ్గరికొచ్చింది. 'ఖర్చు చేసినచో నిల్వలు తగ్గును. వచ్చే త్రైమాసికమునకు వాయిదా వేయవచ్చును' అని నా చేత్తో రాసి తిప్పి పంపాను.

నవంబరు పదకొండు పొద్దున నిచ్చెన మెట్టు విరిగి యాకోబు కింద పడ్డాడు. తొడ ఎముక రెండు చోట్ల విరిగింది.

గుంటూరు ఆస్పత్రిలో డాక్టరు, లోపల రాడ్డు వేయాలి, పది రోజుల్లో చేస్తే మామూలుగా నడుస్తాడు, ఆలస్యమైతే ఎముక అడ్డదిడ్డంగా అతుక్కుని కాలు పొట్టిదవుతుంది, మళ్ళీ నిచ్చెన మాట మరిచిపోవాలి అన్నాడట. తొంభై మూడు వేలు ముందు కట్టాలి. ఇలాంటప్పుడు ఆఫీసు నుంచి వైద్యపు అడ్వాన్సు ఇవ్వడం ఎప్పుడూ ఉన్నదే. యాకోబు భార్య కరుణమ్మ దరఖాస్తు పట్టుకొచ్చి నా బల్ల ముందు నిలబడింది. నేను కంప్యూటరులో పేరు కొట్టాను. యాకోబు, ఫిట్టరు. నిల్వ: పోస్టాఫీసులో పద్దెనిమిది వేల ఐదు వందలు. బయటి అప్పు: లేదు. నిష్పత్తి: సున్నా. అడ్వాన్సుకి కనీసం పదిహేను ఉండాలి.

నూట నలభై రెండు మందిలో ఎవరికీ దమ్మిడీ బాకీ లేని మనిషి యాకోబొక్కడే. నా నాలుగో వివరణ ఆ ఒక్కడి కోసమే కూర్చుని రాసినట్టుంది.

పరుగున కమిషనర్ గారి దగ్గరికెళ్ళాను. ఆయన నిజంగానే బాధపడ్డారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. కానీ ఒక్కరికి సడలిస్తే కొలబద్ద కొలబద్ద కాకుండా పోతుందన్నారు. కాసేపు ఆలోచించి, అతను ఎవరి దగ్గరైనా చిన్న మొత్తం అప్పు తీసుకుంటే సరిపోతుంది కదా, సున్నా పోయి సంఖ్య వస్తుంది కదా అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ క్షణాన నాకు ఆయన మహా మేధావిలా కనబడ్డారు.

మర్నాడు పొద్దున బస్సెక్కి గుంటూరు వెళ్ళాను. యాకోబు కాలికి బరువు కట్టి పడుకోబెట్టారు. నన్ను చూసి లేవబోయాడు. నేను మంచం పక్కన కూర్చుని, జేబులోంచి ఐదొందల నోటూ ఒక తెల్ల కాగితమూ తీశాను. ఇది నా దగ్గర అప్పుగా తీసుకున్నట్టు సంతకం పెడితే చాలు, అడ్వాన్సు వచ్చేస్తుందన్నాను. అతను నోటు వైపు చూశాడు, ముట్టుకోలేదు.

"మా నాయన అప్పులోళ్ళకి భయపడి మూణ్ణెల్లు ఊరొదిలేసి పోయాడు సారూ" అన్నాడు. "నేను ఒకరి కాడ రూపాయి తీసుకోనని మా అమ్మకి మాటిచ్చా. ఆ మాట మీదే పెద్దోణ్ణయ్యా."

ఇది అప్పు కాదు, కాగితం మీద లాంఛనం అన్నాను. దేశాలు కూడా అప్పు చేస్తాయన్నాను. మంచం పక్కన లేచి నిలబడి తొంభై ఒకటి నుంచి మొదలెట్టి కాసేపు చెప్పాను. యాకోబు కళ్ళు మూసుకుని విన్నాడు. కరుణమ్మ కాలి వంక చూపించి ఏదో అంది. అతను కాగితం తీసుకుని, గుండె మీద పెట్టుకుని, వంకరటింకరగా సంతకం పెట్టాడు. తరవాత గోడ వైపు తిరిగాడు. ఒక మనిషి యాభై ఏళ్ళు నిలబెట్టుకున్నది ఐదొందలకి తీసేసుకున్నానని నాకు ఆ గదిలో తట్టలేదు. బస్సులో కూర్చున్నాక తట్టింది.

ఆ కాగితం కమిషనర్ గారి బల్ల మీద పెట్టాను. ఆయన సంతోషంగా చదివారు. కింద తేదీ చూశారు. మొహం వాడిపోయింది.

"ఇది డిసెంబరు ముప్పై ఒకటి లెక్కలోకి వస్తుంది కదా సదాశివం గారూ" అన్నారు. "ఇప్పుడు అమల్లో ఉన్నది సెప్టెంబరు ముప్పై నాటి సంఖ్య. మీరే రాశారు, మూడు నెలలకొక పర్యాయము అని."

నేనే రాశాను. అప్పటికి ఐదు రోజులు గడిచాయి.

ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుని, కలపకుండా మెతుకులు లెక్కపెడుతున్నాను. సుభద్ర ఏమిటని అడిగింది. అంతా చెప్పాను, నిచ్చెన ఫైలు మీద నేను రాసినది కూడా. అది మాత్రం ఇంకెవరికీ చెప్పలేదు. ఆమె తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. కంచం పక్కకి జరిపి, నా ఎదురుగా కూర్చుంది.

"తొంభై ఒకటిలో దేశం బంగారం ఎందుకు తాకట్టు పెట్టిందండీ?"

"గడవక" అన్నాను.

"పెట్టాక గడిచిందా?"

"గడిచింది."

"అప్పుడు మీ నిష్పత్తి ఎంత?"

"ఏడు."

"ఏడుతో గడిచిందిగా" అని లేచి చెప్పులేసుకుంది.

ఆ పూట కాసులపేరు కమిషనర్ గారింట్లో ఉంది. నాలుగు రోజుల్లో ప్రాంతీయ డైరెక్టరు గారు మా పథకం చూడ్డానికి వస్తున్నారని వాళ్ళావిడ ఇంకోసారి తూకానికి తెప్పించుకుంది. నేను గేటు దాకా వెళ్ళి, అక్కడ నిలబడి, పైఅధికారి ఇంట్లోకి పిలవకుండా వెళ్ళకూడదన్న సర్వీసు నిబంధన ఏదైనా ఉందేమోనని ఆలోచిస్తున్నాను. సుభద్ర అప్పటికే లోపలికెళ్ళి వచ్చేసింది. చేతిలో డబ్బా ఉంది. దాని మీద పల్లీ చిక్కీల పొట్లం ఉంది. ఇవ్వనందా అని అడిగాను. పాపం ఆవిడకి రెండు రోజులుగా నిద్ర లేదట, పోతుందేమోనని భయం, తీసుకెళ్ళమని దణ్ణం పెట్టింది అని చెప్పింది.

మర్నాడు మధ్యాహ్నానికి బ్యాంకులో తూచారు. తొంభై ఆరు గ్రాములు. ఆ తూకం ఒక్కటే నేను రాయలేదు. తొంభై మూడు వేలు అప్పిచ్చారు. సాయంత్రానికి ఆస్పత్రిలో కట్టాం. మూడో రోజున ఆపరేషన్ అయింది.

ఆ మర్నాడే డైరెక్టరు గారు వచ్చారు. అహల్యాదేవి గారని, తెల్ల చీర, నెమ్మదైన మాట. సమావేశం హాల్లో షామియానా గుడ్డలు కట్టారు. వేదిక వెనక నా చార్టు. మేదరపాడు నమూనాని జిల్లా అంతటికీ విస్తరించే విషయం పరిశీలనలో ఉందని ఆవిడ చెప్పారు. ఉత్తమ నిష్పత్తి బహుమతి నాకు. దాని వెనకే పదోన్నతి వస్తుందని అందరికీ తెలుసు. 138 అని చెక్కిన ఇత్తడి పలక బల్ల మీద మెరుస్తోంది. పలక ఇచ్చేముందు ఆవిడ రిజిస్టరు తిరగేసి, పన్నెండు కాసులపేర్ల పేజీ దగ్గర ఆగారు. మన స్త్రీ జాతి పొదుపుకి ఇంతకన్నా నిదర్శనం లేదు, ఇళ్ళన్నీ దగ్గరే కదా, ఆ పన్నెండూ ఒక్కసారి తెప్పిస్తే కళ్ళారా చూసి ఫోటో తీయించుకుంటాను అన్నారు.

కమిషనర్ గారు ఉత్సాహంగా ఒక్కొక్కరినీ లేపారు. మస్తానయ్య తన భార్య కాసులపేరు పెట్టుకుని పుట్టింటికెళ్ళిందన్నాడు. ఆవిడ మూడో వరసలో కూర్చుని ఉంది. ఇంకొకరు లాకరులో ఉందన్నారు, మరొకరు మెరుగు పెట్టించడానికి ఇచ్చామన్నారు. కమిషనర్ గారు తమ ఇంటికి మనిషిని పంపారు, ఆ మనిషి తిరిగొచ్చి చెవిలో ఏదో చెప్పాడు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. చివరికి అందరూ నా వైపు చూశారు. నేను లేచి మైకు దగ్గరికి వెళ్ళాను. ఇదీ నా రెండో ఉపన్యాసం.

"మేడమ్, మాది మొన్న బ్యాంకులో తాకట్టు పెట్టాం. మిగతా పదకొండూ దానితోనే ఉన్నాయి. ట్యాంకు నిచ్చెన బాగుచేయించొద్దని నేను రాశాను, అందుకని మా ఫిట్టరు పడ్డాడు, ఆ డబ్బు అతని కాలి ఆపరేషనుకి కట్టాం. ఇవాళ్టికి మా ఇంటి అప్పు లక్షా తొంభై మూడు వేలు, నిల్వ పదమూడు వేలు. నిష్పత్తి ఆరు పాయింట్ ఏడు. సవరిస్తే ఏడు. ఆ పలక మీద అంకె మార్చాలి."

మూడో వరసలో ఎవరో ఆడవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు పన్నెండు ఇళ్ళ దాకా పాకింది. డైరెక్టరు గారు నవ్వలేదు. రిజిస్టరు మూసి, కారెక్కి వెళ్ళిపోయారు. వారానికి ఉత్తర్వు వచ్చింది. మేదరపాడు పురపాలక సిబ్బంది బంగారు నిల్వలు ఒకే దినమున సంపూర్ణముగా తరలిపోవుట మిక్కిలి ఆందోళనకరమనీ, సంక్షోభమునకు గల కారణములను పరిశీలించుటకు కమిటీ వేయడమైనదనీ. గణాంకాలు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి కమిటీకి కార్యదర్శిని నేనే. ఆ నివేదిక ఇంకా రాస్తున్నాను. పథకం రద్దు చేశామని మాత్రం ఎవరూ అనలేదు. చార్టు గోడ మీదే ఉంది, గీతలు అక్కడే ఆగిపోయాయి. నిచ్చెన మాత్రం కొత్తది వేశారు. నాలుగు వేల రెండు వందల బిల్లు ఈసారి నా దగ్గరికి రాలేదు.

ఆ తరవాతి మార్చికి దేశం గీత కూడా నూట ముప్పై ఎనిమిది నుంచి నూట పన్నెండుకి దిగింది. పేపర్లో చదివి నేనేమీ కంగారు పడలేదు. అవసరం వచ్చి ఉంటుంది.

ఏప్రిల్ మొదటి తారీకున మేం కాఫీ తాగుతుంటే కింద మెట్ల మీద చప్పుడైంది. ఎవరో మెల్లగా, ఒక్కొక్క మెట్టూ ఆగి ఆగి ఎక్కుతున్నారు. ఇరవై రెండేళ్ళ అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. ఇరవై ఆరు మెట్లు. తలుపు తీస్తే యాకోబు. చేతికర్ర పట్టుకున్నాడు గాని దాని మీద వాలడం లేదు. రెండు వేల రూపాయలు సుభద్ర చేతికిచ్చాడు, మొదటి వాయిదా అని. తరవాత నాకు ఒక కవరిచ్చాడు. ఆఫీసు నుంచి వచ్చిందట, చదివి చెప్పమన్నాడు.

చదివాను. రద్దు కాని పథకం కింద కంప్యూటరు తయారుచేసిన ఉత్తరం. డిసెంబరు ముప్పై ఒకటి నాటికి సదరు ఉద్యోగికి తొంభై మూడు వేల ఐదు వందల రూపాయల బయటి అప్పు ఏర్పడినందున, అతని నిష్పత్తి సున్నా నుంచి ఇరవైకి మెరుగుపడినది. ఇందులకు అభినందనలు. వైద్యపు అడ్వాన్సుకి అర్హత లభించినది. సదరు మొత్తమును శస్త్రచికిత్సకు ముందుగా వినియోగించుకొనవలెను.

యాకోబు చేతికర్ర గోడకి ఆనించాడు.

"అంటే మళ్ళీ ట్యాంకెక్కి పడాలా సారూ?"

సుభద్ర నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది. అతను నవ్వలేదు. కాగితం నా చేతిలోంచి తీసుకుని, తన పేరున్న చోట వేలితో తడిమాడు. అప్పు లేనప్పుడు సున్నా అన్నారు, ఇంతప్పు నెత్తినెక్కాక అభినందనలంటున్నారు, అసలు నేను బాగున్నట్టా లేనట్టా, మీరు లెక్కలు తెలిసినోళ్ళు, చెప్పండి అన్నాడు. నిజంగానే అడిగాడు. నన్ను ఇన్నేళ్ళలో ఒక అంకెకి అర్థమేమిటని అడిగిన మొదటి మనిషి అతనే.

"ఇరవై ఆరు మెట్లెక్కి వచ్చావు యాకోబూ" అన్నాను. "కూర్చో, కాఫీ తాగు."